లోతుకు దిగిన మనిషికి ఊపిరి ఎందుకు బరువవుతుంది?

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిపోయింది. అది నది అడుగున 200 అడుగులకు పైగా లోతులో ఉందని అప్పట్లో చెప్పారు. నావికాదళం వచ్చింది, ఎన్‌డీఆర్‌ఎఫ్ వచ్చింది. అయినా బోటు బయటపడింది ఐదు వారాలు దాటాక, అక్టోబరు 22న, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం చేతుల మీదుగా. అలాంటి ఘటన జరిగినప్పుడు మామూలు మనిషికి వచ్చే సందేహం ఒకటే. సిలిండర్లున్నాయి, శిక్షణ పొందిన డైవర్లున్నారు, దిగి తాడు కట్టి రావడానికి ఏమిటి అడ్డం?

సుడులు, బురద, వరద ఉధృతి అన్నీ అడ్డమే. కానీ అవేవీ లేకపోయినా, నీళ్లు తేటగా, నిశ్చలంగా ఉన్నా, 60 మీటర్ల లోతున మామూలు గాలి సిలిండర్‌తో శ్రమపడి పనిచేయడం ప్రాణాంతకమే. కారణం మన ఛాతీలోనే ఉంది. నీటి బరువుకు ఎముకలు నలిగిపోతాయని కొందరు అనుకుంటారు, ఆక్సిజన్ చాలదని కొందరు అనుకుంటారు. రెండూ కాదు. లోతులో పనిచేసే మనిషికి ముందుగా తగిలే హద్దు పీల్చే ఊపిరి దగ్గర లేదు, వదిలే ఊపిరి దగ్గర ఉంది. ఒంట్లో తయారైన కార్బన్ డయాక్సైడ్‌ను బయటకు పంపలేకపోవడమే అసలు సమస్య. గుండె కథ వేరు. దానికి పని అంతకన్నా చాలా ముందే, మెడలోతు నీళ్లలోనే మొదలవుతుంది.

నేల మీద మన చుట్టూ ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడి ఉంటుంది. నీళ్లలో ప్రతి 10 మీటర్లకూ దాదాపు ఇంకో అట్మాస్ఫియర్ కలుస్తుంది. 10 మీటర్ల దగ్గర 2, 30 దగ్గర 4, 60 దగ్గర 7. కండరాల్లో, రక్తంలో ఉన్నది ఎక్కువ భాగం నీరే. నీరు ఎంత నొక్కినా కుదించుకుపోదు కాబట్టి ఏడు అట్మాస్ఫియర్ల కింద కూడా చెయ్యి చెయ్యిలాగే ఉంటుంది. ఒత్తిడికి లొంగేది గాలి. ఊపిరితిత్తులు, మధ్య చెవి, సైనస్‌లు, ఇలా గాలి ఉన్న చోటల్లా దాని ప్రభావం పడుతుంది.

ముందు గుండె సంగతి చూద్దాం. మనం నిలబడినప్పుడు రక్తంలో చాలా భాగం కాళ్ల సిరల్లోకి, పొట్ట సిరల్లోకి జారి ఉంటుంది. మెడ దాకా నీళ్లలో దిగితే కింద పాదాల దగ్గర ఒత్తిడి ఎక్కువ, పైన ఛాతీ దగ్గర తక్కువ. దాంతో సిరల్లోని రక్తం పైకి కదులుతుంది. అలా అర లీటరు మొదలుకొని 700 మిల్లీలీటర్ల దాకా రక్తం అదనంగా ఛాతీలోకి చేరుతుంది. గుండె గదులు సాగుతాయి. ఒక్కో కొట్టుకూ ఎక్కువ రక్తం బయటకు పోతుంది. నిమిషానికి గుండె పంపే రక్తం మూడో వంతు దాకా పెరుగుతుంది, అదీ ఈత కొట్టకుండా, ఊరికే నిలబడితేనే.

పై గదులు సాగడాన్ని గుండె “ఒంట్లో ద్రవం ఎక్కువైంది” అన్నట్టుగా లెక్కేసుకుంటుంది. ఏఎన్‌పీ అనే హార్మోన్ విడుదల చేస్తుంది, కిడ్నీలు ఉప్పునూ నీటినీ బయటకు పంపడం మొదలుపెడతాయి. చెరువులో దిగిన కాసేపటికే మూత్రం రావడానికి కారణం ఇదే. చల్లదనం దానికి తోడవుతుంది. గంటసేపు నీళ్లలో ఉన్న డైవర్ ఒళ్లంతా తడిసి పైకి వచ్చినా లోపల మాత్రం డీహైడ్రేషన్‌తో ఉంటాడు.

ముఖం నీళ్లలో ముంచితే ఇంకొకటి జరుగుతుంది. నుదురు, కళ్ల చుట్టుపక్కల, ముక్కు దగ్గరి చర్మానికి చన్నీళ్లు తగలగానే ట్రైజెమినల్ నాడి ద్వారా మెదడు కాండానికి కబురు వెళుతుంది. అక్కడి నుంచి వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. చేతులు, కాళ్ల రక్తనాళాలు బిగుసుకుంటాయి, రక్తం మెదడుకూ గుండెకూ మిగులుతుంది. బాతుల్లో దీన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బెర్ట్ 1870లోనే గమనించాడు. సీల్స్‌లో ఇది చాలా బలంగా ఉంటుంది. మనలోనూ ఉంది. మామూలు మనిషి గుండె వేగం పది నుంచి పాతిక శాతం దాకా తగ్గితే, ఏళ్ల తరబడి సాధన చేసిన ఫ్రీడైవర్లలో (సిలిండర్ లేకుండా ఊపిరి బిగబట్టి దిగేవాళ్లలో) కొందరికి నిమిషానికి 30 కన్నా కిందకు పడిపోతుంది. చంటిపిల్లల్లో గుండె ఒక్కసారిగా అదుపు తప్పి విపరీతమైన వేగంతో కొట్టుకునే ఒక జబ్బుకు డాక్టర్లు ఐస్ సంచిని కొన్ని క్షణాలపాటు ముఖానికి ఆనిస్తారు. ఆధారం మన ప్రమేయం లేకుండా దానంతటదే జరిగే ఈ స్పందనే, ఈ రిఫ్లెక్సే.

అయితే ఈ రిఫ్లెక్స్ ఎప్పుడూ మేలే చేస్తుందని అనుకోకూడదు. బాగా చల్లటి నీళ్లలో ఒక్కసారిగా దూకినప్పుడు చర్మం మొత్తానికి చలి తగిలి ఎగశ్వాస వస్తుంది, గుండె వేగం పెరుగుతుంది. అదే సమయంలో మునిగిన ముఖం గుండెను నెమ్మదించమంటుంది. రెండు ఆదేశాలు ఒకేసారి అందితే గుండె లయ తప్పవచ్చు. చన్నీళ్లలో దూకి క్షణాల్లో చనిపోయిన మంచి ఈతగాళ్ల విషయంలో కొంతవరకు ఇదే జరుగుతుందని పరిశోధకుల అభిప్రాయం.

ఊపిరి బిగబట్టి మునిగేవాళ్ల దగ్గరికి వద్దాం. నిండా గాలి పీల్చుకున్నప్పుడు ఊపిరితిత్తుల్లో ఆరు లీటర్లు ఉందనుకుంటే, 30 మీటర్ల దగ్గర అది లీటరున్నరకు కుదించుకుపోతుంది. పూర్తిగా ఊపిరి వదిలాక కూడా లోపల మిగిలే గాలి దాదాపు అంతే. దాన్ని దాటి దిగితే పక్కటెముకల గూడు లోపలికి కూలిపోతుందని 1960ల దాకా చాలామంది డాక్టర్లు నమ్మారు. 1968లో అమెరికా నేవీకి చెందిన రాబర్ట్ క్రాఫ్ట్ 73 మీటర్లు దిగి క్షేమంగా వచ్చాడు. అతడి ఛాతీని పరీక్షించినప్పుడు అసలు విషయం తెలిసింది. ఊపిరితిత్తులు కుదించుకుపోయే కొద్దీ ఆ ఖాళీలోకి రక్తం వచ్చి చేరుతోంది, దాదాపు ఒక లీటరు. రక్తం కుదించుకుపోదు కాబట్టి గూడు నిలబడుతుంది. 1976లో జాక్ మాయోల్ అనే ఫ్రెంచి ఫ్రీడైవర్ 100 మీటర్లు ముట్టాడు. ఇవాళ రెక్కలు కట్టుకుని సొంత బలంతో దిగేవాళ్లు 130 మీటర్లు దాటారు.

ఆగ్నేయాసియాలో తరతరాలుగా సముద్రంలోనే బతుకుతున్న బజావు జాతి వాళ్లపై 2018లో వచ్చిన పరిశోధన నాకు ఎంతో నచ్చిన వాటిల్లో ఒకటి. పక్కనే నేల మీద బతికే సలువాన్ జాతి వాళ్లతో పోలిస్తే వీళ్ల ప్లీహం (పొట్టలో ఎడమ పక్కన ఉండే స్ప్లీన్) సగటున సగం మేర పెద్దది. మునిగినప్పుడు ప్లీహం బిగుసుకుని, తనలో దాచిన ఎర్రకణాలను రక్తంలోకి వదులుతుంది. అంటే అదనపు ఆక్సిజన్. బజావుల్లో నీళ్లలో దిగని వాళ్లకు కూడా పెద్ద ప్లీహమే ఉంది కాబట్టి ఇది సాధనతో వచ్చింది కాదు, జన్యువుల్లోనే ఉంది.

ఇక్కడ మన పిల్లల కోసం ఒక మాట గట్టిగా చెప్పాలి. మోట బావుల్లో, చెరువుల్లో, ఈతకొలనుల్లో “ఎవరు ఎక్కువసేపు మునిగి ఉంటారు”, “అడుగున మట్టి ఎవరు తెస్తారు” అని పందేలు కాస్తారు. దిగే ముందు గబగబా పదిసార్లు గాలి పీల్చి వదులుతారు. దాంతో ఆక్సిజన్ నిల్వ పెరుగుతుందని వాళ్ల నమ్మకం. నిజానికి ఆక్సిజన్ దాదాపు పెరగదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం పడిపోతుంది. మనకు “ఇక ఊపిరి తీసుకోవాలి” అనే తపన పుట్టించేది ఆక్సిజన్ తగ్గడం కాదు, కార్బన్ డయాక్సైడ్ పెరగడం. దాన్ని ముందే తగ్గించుకుంటే హెచ్చరిక ఆలస్యంగా వస్తుంది. ఈలోగా ఆక్సిజన్ అయిపోతుంది, స్పృహ తప్పుతుంది. అది కూడా చాలాసార్లు పైకి వచ్చేటప్పుడు. ఎందుకంటే లోతున ఒత్తిడి వల్ల ఊపిరితిత్తుల్లోని కొద్ది ఆక్సిజన్ కూడా రక్తంలోకి వెళుతుంది, పైకి వస్తుంటే ఆ ఒత్తిడి సడలి, రక్తంలోకి వెళ్లే ఆక్సిజన్ ఒక్కసారిగా తగ్గిపోతుంది. కేకలుండవు, కొట్టుకోవడం ఉండదు. గట్టు మీద ఉన్నవాళ్లు ఇంకా పందెం సాగుతోందనే అనుకుంటారు.

ఇక సిలిండర్ కట్టుకున్న డైవర్ సంగతి. అతడికి ఛాతీ నలిగే బెడద లేదు. నోట్లో ఉన్న రెగ్యులేటర్, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సరిసమానమైన ఒత్తిడితో గాలి అందిస్తుంది. 60 మీటర్ల దగ్గర అతడు పీల్చేది ఏడు రెట్లు చిక్కటి గాలి. సిలిండర్ కూడా ఏడు రెట్లు వేగంగా ఖాళీ అవుతుంది. నైట్రోజన్ మత్తు కూడా ఉంటుంది. 30 మీటర్లు దాటాక గాలిలోని నైట్రోజన్ తాగినట్టు తలకెక్కుతుంది, చిన్న లెక్క కూడా తప్పుతుంది. ఈ రెండూ డైవింగ్ నేర్చుకునే ప్రతి ఒక్కరికీ చెప్పేవే. మూడోదాని గురించి చాలా తక్కువగా మాట్లాడతారు. అది గాలి సాంద్రత.

నేల మీద లీటరు గాలి బరువు 1.2 గ్రాములు. 30 మీటర్ల లోతున అదే లీటరు దాదాపు 5 గ్రాములు, 60 మీటర్ల దగ్గర 8 గ్రాములకు పైనే. పలచని మజ్జిగ తాగే స్ట్రాతో గట్టి పెరుగు పీల్చాల్సి వస్తే ఎలా ఉంటుందో సన్నటి శ్వాసనాళాలకు అలా ఉంటుంది. ఆరోగ్యవంతుడైన యువకుడు శక్తంతా పెట్టి ఊపిరి తీసి వదిలితే నేల మీద నిమిషానికి 150 లీటర్ల దాకా గాలిని కదిలించగలడు. 30 మీటర్ల దగ్గర అందులో సగమే కదిలించగలడు. ఇంకా దిగితే ఇంకా తక్కువ.

అయితే ఏమైంది, ప్రతి లీటరులోనూ ఏడు రెట్ల ఆక్సిజన్ ఉంది కదా అనవచ్చు. ఆక్సిజన్ వరకు ఆ మాట నిజమే. పీల్చే గాలి చిక్కబడినంత మాత్రాన కండరాలు తయారుచేసే కార్బన్ డయాక్సైడ్ తగ్గదు. తాడు లాగినా, ప్రవాహానికి ఎదురీదినా, లోతుతో సంబంధం లేకుండా అది పుడుతూనే ఉంటుంది. దాన్ని కడిగి పంపాలంటే నేల మీద ఎన్ని లీటర్లు ఊపిరి ఆడాలో అక్కడా అన్ని లీటర్లు ఆడాలి. అవసరం తగ్గలేదు, సామర్థ్యం మాత్రం సగం కన్నా తక్కువకు పడిపోయింది.

గట్టిగా ఊదితే సరిపోతుందిగా అనిపిస్తుంది. ప్రయత్నించి చూడండి, నేల మీదే. ఊపిరి బలంగా వదులుతున్నప్పుడు ఛాతీ కండరాల ఒత్తిడి ఊపిరితిత్తుల మీదే కాదు, గాలి బయటకు రావాల్సిన నాళాల మీద కూడా పడుతుంది. ఒక హద్దు దాటాక నాళాలు నొక్కుకుపోతాయి. ఇంకా బలం పెడితే ఇంకా నొక్కుకుంటాయి తప్ప గాలి వేగం పెరగదు. నేల మీద ఆ హద్దు చాలా ఎత్తులో ఉంటుంది, పరుగు పందెంలో కూడా ఆరోగ్యవంతులు సాధారణంగా దాన్ని తాకరు. చిక్కటి గాలితో ఆ హద్దు కిందకు దిగి వస్తుంది, కాస్త శ్రమపడితే చాలు తగులుతుంది. అప్పుడు డైవర్ మరింత ఊదే కొద్దీ ఊపిరి కండరాలే అలసి, అవే ఇంకొంత కార్బన్ డయాక్సైడ్ తయారుచేస్తాయి. దాంతో ఆయాసం, ఆయాసంతో భయం, భయంతో ఇంకా వేగంగా పైపైన ఊపిరి. ఈ వలయంలో పడ్డవాడు సిలిండర్ నిండా గాలి ఉండగానే స్పృహ కోల్పోతాడు. లీటరుకు 6.2 గ్రాములకు మించి చిక్కటి గాలి పీల్చవద్దని ఇప్పుడు డైవింగ్ వైద్యులు చెబుతున్నారు. మామూలు గాలితో ఆ గీత 40 మీటర్ల లోపే వచ్చేస్తుంది. కచ్చులూరు దగ్గర చెప్పిన లోతు దానికి ఎంత కింద ఉందో చూడండి.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. ఊపిరి వేగాన్ని నడిపేది కార్బన్ డయాక్సైడ్ అని 1905లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు జె.ఎస్. హాల్డేన్, ప్రీస్ట్‌లీ నిరూపించారు. ఆ వెంటనే బ్రిటిష్ నేవీ హాల్డేన్‌ను పిలిచింది. ఇత్తడి టోపీ పెట్టుకుని దిగే డైవర్లు లోతున కాసేపటికే రొప్పుతూ పని వదిలేస్తున్నారు, ఎందుకో చూడమంది. పైన పంపు తిప్పేవాళ్లు పంపుతున్న గాలి లోతున ఒత్తిడికి కుదించుకుపోయి టోపీని సరిగా కడగడం లేదని, డైవర్ తాను వదిలిన ఊపిరినే మళ్లీ పీలుస్తున్నాడని ఆయన తేల్చాడు. ఎంత లోతుకు దిగితే అంత ఎక్కువ గాలి పంపమన్నాడు. డైవర్లు తేరుకున్నారు. 1908లో ఆయన ఇచ్చిన డీకంప్రెషన్ పట్టికల (లోతు నుంచి ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగుతూ పైకి రావాలో చెప్పేవి) గురించే అందరూ చెప్పుకుంటారు, నా మటుకు ఈ టోపీ సంగతి అంతకన్నా తక్కువేం కాదు.

వందేళ్ల తర్వాత ఇదే పాఠం ఒక ప్రాణం తీసింది. దక్షిణాఫ్రికాలో బూస్మన్స్‌గాట్ అనే నీటి గుహ ఉంది. 2004 అక్టోబరులో డేవ్ షా అనే ఆస్ట్రేలియా డైవర్ దాదాపు 270 మీటర్లు దిగి, పదేళ్ల కిందట అక్కడ చనిపోయిన యువకుడి మృతదేహాన్ని చూసి, తిరిగి వచ్చాడు. దాన్ని పైకి తెచ్చి తల్లిదండ్రులకు అప్పగించాలని 2005 జనవరి 8న మళ్లీ దిగాడు. పీల్చింది హీలియం కలిపిన గాలే. వదిలిన ఊపిరిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను తీసేసి మళ్లీ వాడుకునే రీబ్రీదర్ ఉంది. ఈసారి అడుగున పని ఉంది, దేహాన్ని సంచిలోకి ఎక్కించాలి. దేహం అనుకున్నట్టు కదలక తేలుతూ పోయింది, తాడు చిక్కుపడింది. తల మీది కెమెరాలో అతడి ఊపిరి శబ్దం మొత్తం రికార్డయింది, వేగం పెరుగుతూ పోయి ఆగింది. ఆ రికార్డును డాక్టర్ సైమన్ మిచెల్ బృందం విశ్లేషించి 2007లో ప్రచురించింది. పరికరం చెడలేదు, ఆక్సిజన్ తక్కువ కాలేదు. ఆ సాంద్రత దగ్గర శ్రమకు తగినంత ఊపిరి ఆడించడం అతడి ఛాతీ వల్ల కాలేదు. అదే లోతుకు మొదటిసారి దిగి వచ్చిన మనిషే, రెండోసారి పని తోడయ్యేసరికి తిరిగి రాలేదు.

మరి వందల మీటర్ల లోతున నూనె బావుల దగ్గర పనిచేసే డైవర్లు ఎలా బతుకుతున్నారు? గాలిలో నైట్రోజన్ తీసేసి హీలియం నింపుతారు. మత్తు రాదన్నది ఒక కారణం, అది తేలిక అన్నది అంతకన్నా పెద్ద కారణం. 2025 జులై 18న విశాఖపట్నంలో నావికాదళంలో చేరిన ఐఎన్‌ఎస్ నిస్తార్ ఇందుకోసం కట్టిన నౌకే. విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులోనే తయారైంది, 300 మీటర్ల దాకా డైవర్లను పంపగలదు. 300 మీటర్లంటే 31 అట్మాస్ఫియర్లు. అయినా అక్కడ హీలియం మిశ్రమం బరువు మామూలు గాలితో 30, 40 మీటర్ల మధ్య పీల్చే దానికి మించదు. అందులో ఆక్సిజన్ వందకు ఒకటిన్నర పాళ్లుంటే చాలు, అంతకన్నా ఎక్కువైతే ఆ ఒత్తిడిలో ఆక్సిజనే విషమవుతుంది. డైవర్లు రోజుల తరబడి నౌకలో ఒత్తిడి నింపిన గదిలోనే ఉండి, గంట ఆకారపు పెట్టెలో దిగి పని చేసి వస్తారు. పని పూర్తయ్యాక మామూలు ఒత్తిడికి రావడానికి వారం పైనే పడుతుంది. హీలియం ఒంటి వేడిని గాలికన్నా చాలా వేగంగా లాగేస్తుంది కాబట్టి ఆ గదిని మనం ఉక్కపోత అనుకునేంత వేడిగా ఉంచాలి. ఇంకా లోతున హీలియం కూడా బరువే. 1992లో ఫ్రాన్స్‌లోని మార్సెయిల్‌లో కోమెక్స్ అనే డైవింగ్ సంస్థ హైడ్రోజన్ కూడా కలిపిన మిశ్రమంతో, ఒత్తిడి గదిలో ఒక డైవర్‌ను 701 మీటర్లకు సమానమైన లోతుకు తీసుకెళ్లింది. హైడ్రోజన్ బరువు హీలియంలో సగమే. ఆ ఒత్తిడిలో ఆక్సిజన్ ఒక శాతం లోపే ఉంటుంది కాబట్టి హైడ్రోజన్ అంటుకోదు.

ఒత్తిడి పెరిగినప్పుడు గుండె వేగం కొంత తగ్గుతుంది. ఆక్సిజన్ ఎక్కువైతే రక్తనాళాలు బిగుసుకోవడం అందుకు ఒక కారణం. హైదరాబాద్ లాంటి నగరాల్లో మానని పుండ్లకు చికిత్స చేసే హైపర్‌బారిక్ ఆక్సిజన్ గదుల్లో కూడా ఇదే జరుగుతుంది. అక్కడ రెండు, మూడు అట్మాస్ఫియర్ల దగ్గర స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తారు. 1960 ప్రాంతంలో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇటే బూరెమా అనే సర్జన్ మూడు అట్మాస్ఫియర్ల దగ్గర పందిపిల్లల్లో ఎర్రకణాలు దాదాపు లేకుండా చేసినా అవి బతికాయి. ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవంలో, కరిగిన ఆక్సిజనే సరిపోయింది. గుండె బాగా బలహీనంగా ఉన్నవాళ్లకు మాత్రం, బిగుసుకున్న నాళాల్లోకి రక్తాన్ని నెట్టే శ్రమ ఎక్కువై ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. అందుకే అక్కడి డాక్టర్లు ముందుగా గుండె పరిస్థితి అడుగుతారు.

పైకి వచ్చేటప్పుడు నైట్రోజన్ బుడగలు కట్టే బెండ్స్ గురించి చాలామంది వినే ఉంటారు. గుండెతో దానికున్న లింకు గురించి ఒక్క ముక్క. సిరల్లో పుట్టే చిన్న బుడగల్ని ఊపిరితిత్తులు వడకట్టేస్తాయి. కానీ పుట్టుకకు ముందు గుండె పై గదుల మధ్య ఉండే చిన్న ద్వారం ప్రతి నలుగురిలో ఒకరికి పూర్తిగా మూసుకుపోదు. దానివల్ల మామూలు జీవితంలో ఏ ఇబ్బందీ ఉండదు. డైవింగ్‌లో మాత్రం బుడగలు అటుగా దాటి నేరుగా మెదడుకు వెళ్లే ప్రమాదం ఉంది.

రుషికొండలోనో అండమాన్‌లోనో సరదాగా స్కూబా చేద్దామనుకునే వాళ్లు లోతు పది మీటర్లే కదా అని సంతకం పెట్టేస్తారు. ఆ ఆరోగ్య ఫారంలో బీపీ, షుగర్, గుండె జబ్బుల గురించి అడిగిన ప్రశ్నలకు నిజం రాయండి. స్కూబా మరణాల్లో గుండె జబ్బు ప్రధాన కారణాల్లో ఒకటి. నలభై అయిదు దాటినవాళ్లు ముందు డాక్టర్‌కు చూపించుకోవాలి. నీళ్లలో ఆయాసం మొదలైతే ఈదడం ఆపండి, ఏదైనా పట్టుకుని నిలబడండి, పీల్చడం కన్నా పూర్తిగా వదలడం మీద దృష్టి పెట్టండి, తగ్గాక గైడ్‌తో కలిసి నెమ్మదిగా పైకి రండి. ఊపిరి మాత్రం బిగబట్టొద్దు.

ఆగి నిలబడినా ఆయాసం తగ్గకపోతే, దగ్గు వస్తే, పైకి వచ్చాక గులాబీ రంగు నురగ పడితే అది టెన్షన్ కాదు. ఛాతీలోకి ఎగదన్నిన అదనపు రక్తం ఊపిరితిత్తుల సన్న నాళాల మీద ఒత్తిడి పెంచి, నీరు గాలి సంచుల్లోకి ఊరడం మొదలైందని అర్థం. హైబీపీ ఉన్నవాళ్లలో, చన్నీళ్లలో, బిగుతైన సూట్ వేసుకున్నప్పుడు, దిగే ముందు లీటర్ల కొద్దీ నీళ్లు తాగినప్పుడు ఇది ఎక్కువ. గట్టి శిక్షణ పొందే నేవీ కుర్రాళ్లలో కూడా కనిపిస్తుంది. ఇలాంటివాళ్లను వెంటనే నీళ్లలోంచి తీయాలి, పడుకోబెట్టకుండా కూర్చోబెట్టాలి, ఆక్సిజన్ ఇచ్చి ఆస్పత్రికి చేర్చాలి. అది సకాలంలో జరిగితే చాలామందికి ఒకటి రెండు రోజుల్లో ఊపిరితిత్తులు తేటపడతాయి. ఆ తర్వాత గుండె స్కాన్, బీపీ పరీక్షలు చేయించుకోకుండా మళ్లీ నీళ్లలో దిగకూడదు, ఎందుకంటే ఒకసారి వచ్చినవాళ్లకు ఇది మళ్లీ రావడం మామూలే.